పాట కింద పేరు

శ్రీకాకుళం,
2025 ఆగస్టు 10, ఆదివారం.

అమ్మడూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి వానలతోపాటు వచ్చింది, వానలతోపాటే పోతుందని ఆవిడ ధీమా. ఊళ్లో వరి ఉభాలు సగానికి వచ్చాయి. కూలీలు దొరకటం లేదని మీ చిన్నాన్న గోల. మొన్న వెళ్లి చూసొచ్చాను. ఆకు తీసేవాళ్లు, కట్టలు విసిరేవాళ్లు, వంగి నాటేవాళ్లు అందరూ ఉన్నారు గానీ పాట లేదు. గట్టు మీద ఎవరిదో సెల్‌ఫోన్లో సినిమా పాట మోగుతోంది.

నువ్వు పెట్టిన పాట విన్నాను. మీ అమ్మ మొదటి చరణానికే కళ్లు తుడుచుకుంది, రెండో చరణానికి లేచి వెళ్లి మీ పిన్నికి ఫోన్ చేసింది, మూడోది వినకుండానే పదకొండు మందికి పంపేసింది. నేను మాత్రం మూడుసార్లు పూర్తిగా విన్నాను. గొంతు బావుంది. బుజూకీ వాయించిన ఆ కుర్రాడు ఎక్కడా ముందుకు తోసుకురాకుండా నీ వెనకాలే నడిచాడు, అదింకా బావుంది. రెండో చరణం చివర ఒక్క క్షణం ఆపావే, ఆ ఆగుడు మాత్రం నీది కాదమ్మా. నాటే మనిషి చేతిలో ఆకు కట్ట అయిపోయి, వెనక్కి చెయ్యి చాపి ఇంకో కట్ట అందుకునేదాకా పట్టే సమయం అది. నీకు తెలియకుండానే పట్టుకున్నావు.

తర్వాత పాట కింద రాసింది చదివాను. జానపదం అని రాసి, సేకరణ, స్వరకల్పన, గానం అన్నింటికీ నీ పేరు పెట్టుకున్నావు.

ఆ సంగతి ఫోన్లోనే అడుగుదామనుకున్నాను. మన ఫోన్లు నీకు తెలియనివా? తిన్నావా, చలి ఎలా ఉంది, ఇక్కడ కరెంటు పోయింది, సరే ఉంటాను. అందుకే కాగితం తీశాను. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ కోపం వస్తే నోరు విప్పకుండా మెమో రాసేవాణ్ణని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇది మెమో అనుకోకు.

కిందటి చలికాలం ఐర్లండులో నీ దగ్గర ఉన్న మూడు నెలలూ గుర్తున్నాయా? నాలుగింటికే చీకటి పడే ఊరు నేనదే చూడటం. నువ్వు పొద్దున్నే న్యూబ్రిడ్జ్ స్టేషన్లో రైలెక్కి డబ్లిన్ వెళ్లిపోయేదానివి. నేను లిఫీ నది గట్టున కాసేపు నడిచి, కాళ్లు కొంకర్లు పోగానే ఇల్లు చేరేవాణ్ణి. వారం తిరక్కుండానే నాకు తోచక చస్తున్నానని కనిపెట్టి, లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టావు. ఈయన మీ జాతివాడే నాన్నా, బ్యాంకు గుమాస్తా, పైగా ఈ ఊరివాడే అన్నావు. అలా పరిచయమయ్యాడు పాటగాడు క్రిస్టీ మూర్. తన జీవితాన్నంతా పాటల వారీగా చెప్పుకుంటూ 2000లో ఆయన వేసిన పుస్తకం అది. ఒక పాట, దాని వెనక కథ, మళ్లీ ఇంకో పాట. నాలాంటివాడికి సుఖం, ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. వంటింట్లో హీటరు పక్కన కూర్చుని, తెలియని మాటల కింద పెన్సిలు గీతలు పెట్టుకుంటూ చదివాను. లైబ్రరీ పుస్తకం అని నువ్వు కేకలేస్తే అన్నీ రబ్బరుతో చెరిపాను కూడా.

నీకు తెలిసిన మనిషి గురించే నీకు చెబుతున్నాను, విసుక్కోకు. నాకు ఆయన ఎలా కనిపించాడో నీకు తెలియదు కదా.

పుట్టింది 1945 మే 7న. పదకొండేళ్లప్పుడు, 1956లో తండ్రి పోయాడు. ఇంట్లో పెద్దపిల్లాడు. అలాంటి ఇంట్లో పెద్దకొడుక్కి బ్యాంకు ఉద్యోగం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఆర్డరు వచ్చిన రోజు మీ తాత ఊరంతటికీ బెల్లం పంచాడు. క్రిస్టీ నేషనల్ బ్యాంకులో గుమాస్తా. 1966లో అక్కడి బ్యాంకులవాళ్లు సమ్మె కట్టారు. ఒక రోజూ రెండు రోజులూ కాదు, పన్నెండు వారాలు! మేమూ సమ్మెలు చేశాం. గేటు ముందు నిలబడి నినాదాలు ఇచ్చి, మధ్యాహ్నం ఇంటికెళ్లి భోంచేసి పడుకుని, మర్నాడు మళ్లీ ఎవరి కౌంటరు దగ్గర వాళ్లం. పన్నెండు వారాలు జీతం లేకపోతే మన ఇంట్లో నీ స్కూలు ఫీజు దగ్గరే బండి ఆగిపోయేది. ఈయన ఆ ఖాళీలో ఇంగ్లండు పడవెక్కాడు. కూలిపని చేశాడు, సాయంత్రాలు ఫోక్ క్లబ్బుల్లో పాడాడు. సమ్మె ముగిసింది. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆ పేజీ చదివి పుస్తకం మూసి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. అసూయ అనుకుంటున్నావేమో, కాదు. నాకు ఆయన గొంతూ లేదు, ఆ తెగువా లేదు. తెగువ కంటే కూడా, అలా వెళ్లాలన్న ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. అది తలుచుకుంటేనే కాస్త కలుక్కుమంది.

మొదటి రికార్డు 1969లో వచ్చింది. డొమినిక్ బీహన్ అనే పెద్దాయన దగ్గరుండి చేయించాడు. ఐదొందల కాపీలే వేశారట. మన జిల్లాలో కవులు సొంత డబ్బుతో వేసుకునే కవితా సంపుటాలు కూడా ఐదొందలే. అటక మీద మూడొందలు మిగులుతాయి.

ఇంగ్లండుకి వెళ్లక ముందే, బ్యాంకులో ఉండగానే, 1960ల్లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్లో ఆయన ఒక మనిషిని విన్నాడు. పేరు జాన్ రైలీ. ట్రావెలర్స్ అని అక్కడ ఒక జాతి ఉన్నారు కదా, రోడ్డు వారన బళ్లలో బతికేవాళ్లు. రైలుపెట్టెలాంటి ఇళ్లు వేసుకుని మీ ఊరి బయట ఉంటే, అటు చూపిస్తూ వాళ్లెవరని అడిగాను నిన్ను. మీ పక్కింటావిడ ముఖం అదోలా పెట్టిందన్నావు. జాన్ రైలీ వాళ్లలో ఒకడు. రేకు పని చేసేవాడు. చెంబులు, బకెట్లు, మాట్లు. నాకు మన చిన్నప్పటి కళాయివాళ్లు గుర్తొచ్చారు. రావిచెట్టు కింద కొలిమి పెట్టి, నవాసారం పొగ రేపుతూ ఇత్తడి గిన్నెల లోపల గుడ్డతో ఒక్క చుట్టు చుట్టేసరికి వెండిలా మెరిసేది. గిన్నెలు ఇచ్చేటప్పుడు నాన్నమ్మ గుమ్మం దిగేది కాదు, వాళ్లు గుమ్మం ఎక్కేవాళ్లు కాదు.

ఆ రేకుపని మనిషి దగ్గర ఒక పాట ఉంది, ‘ద వెల్ బిలో ద వ్యాలీ’ అని. నూతి దగ్గర నీళ్లు తోడే ఆడపిల్ల, దాహం అడిగిన బాటసారి. అతను మాట మీద మాట వేసి, ఆమె ఎవరికీ చెప్పని ఘోరమంతా ఆమె ముందే బయట పెడతాడు. వందల ఏళ్ల నాటి కథ. నోటి నుంచి నోటికి వచ్చే వరసలో అది ఎప్పుడో తెగిపోయిందని, పుస్తకాల్లో మాత్రమే మిగిలిందని పండితులు అనుకున్నారు. అలాంటిది, చదువురాని ఒక రేకుపనివాడి గొంతులో బతికి ఉంది. టామ్ మనెలీ అనే సేకర్త టేపు రికార్డరు పట్టుకెళ్లి రైలీ పాటలు రికార్డు చేసి పెట్టాడు కాబట్టి సరిపోయింది. 1969లో జాన్ రైలీ పోయాడు. అతి పేదవాడిగా పోయాడు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలుసు. 1971లో ప్రాస్పరస్ అనే పల్లెలో, చెల్లెలి అత్తవారింటి కింది గదిలో క్రిస్టీ రెండో రికార్డు చేశాడు. నువ్వు నన్ను ఆ పల్లె మీదుగా కారులో తీసుకెళ్లి, ఇదే నాన్నా ప్రాస్పరస్ అన్నావు. అనే లోపే ఊరు అయిపోయింది. అంత చిన్న ఊరు! పేరు మాత్రం ఐశ్వర్యం. ఆ గదిలో చేరినవాళ్లలో నలుగురు ప్లాంక్స్టీ అనే బృందం అయ్యారు. న్యూబ్రిడ్జ్‌లో ఈయనతో కలిసి పెరిగిన డోనల్ లన్నీ, ఆండీ ఇర్విన్, కిల్ అనే ఊరి నుంచి లియాం ఓఫ్లిన్, ఈయన. లియాం వాయించేది ఇలెన్ పైపులు. ఇలెన్ అంటే మోచెయ్యి. నోటితో ఊదకుండా చంకలో తిత్తి పెట్టుకుని మోచేత్తో గాలి కొడతారు. కొలిమి తిత్తి చూసి పెరిగినవాణ్ణి, నాకు అది చూడగానే అర్థమైపోయింది. బుజూకీ గ్రీసు నుంచి వచ్చింది. మేక తోలుతో చేసిన బౌరాన్ ఉండనే ఉంది. మన తప్పెటగుళ్లలో తప్పెట గుండె మీద వేలాడుతుంది, వీళ్లది తొడ మీద నిలబడుతుంది, అంతే తేడా. నువ్వు కొనుక్కున్న బౌరాన్ తేమకి సడలి మోగటం లేదని రేడియేటరు పక్కన పెడితే, అంత దగ్గర పెట్టకు, తోలు చిట్లుతుందని నేను జరిపాను. డప్పు కాచే పద్ధతి మనకి కొత్తా?

ఆ ప్రాస్పరస్ రికార్డులో మొదటి పాట జాన్ రైలీది. 1973లో ప్లాంక్స్టీ రెండో ఆల్బమ్ పేరే రైలీ పాట పేరు. చట్టప్రకారం అవి సంప్రదాయ గీతాలు. జానపదం అని రాసి ఊరుకుంటే తప్పు పట్టేవాడు లేడు. మనిషి కూడా పోయాడు, వచ్చి అడగడు. కానీ క్రిస్టీ ఈ యాభై ఏళ్లలో ఆ పాట మాట వచ్చినప్పుడల్లా ఇది జాన్ రైలీ దగ్గర విన్నాను అని చెబుతూనే ఉన్నాడు.

దీనివల్ల రైలీకి ఒరిగిందేమిటి అంటావు. నేనూ అదే అనుకున్నాను. ఏమీ ఒరగలేదు. పాట పేరుతెచ్చేనాటికి ఆయన మట్టిలో ఉన్నాడు. రికార్డుల డబ్బులో చిల్లిగవ్వ ఆయన చేతికి రాలేదు. పేరు చెప్పినంత మాత్రాన బాకీ తీరిపోయిందని నేననను. కానీ బాకీ ఉంది అని ఖాతాలో రాసుండాలి కదమ్మా. ఎవరి ఖాతాలోంచి తీశామో రాయకుండా ఇంకొకరి ఖాతాలో జమ వేస్తే దాన్ని మా బ్యాంకులో ఏమనేవాళ్లో నీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి చూశావా. ఈయన్ని అందరూ గాయకుడు, గేయరచయిత అంటారు. రాశాడు కూడా. క్లేర్ కౌంటీలో జరిగిన సంగీతోత్సవం మీద ‘లిస్‌డూన్‌వార్నా’ రాశాడు. అది పాటా, కబుర్లా తేల్చుకోలేం, తిరునాళ్లకి వెళ్లొచ్చినవాడు అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంటుంది. అయినా జనం ఈయనవే అనుకునే పాటలు సగం ఈయన రాసినవి కావు. ‘రైడ్ ఆన్’ జిమ్మీ మెకార్తీది. ‘నాన్సీ స్పెయిన్’ బార్నీ రష్‌ది. ఫ్యాక్టరీ మూసేస్తే రోడ్డున పడ్డ కార్మికుడి పాట ‘ఆర్డినరీ మాన్’ రాసింది పీటర్ హేమ్స్ అనే ఇంగ్లీషు మనిషి. కరువుకి ఐర్లండు వదిలి అమెరికా చేరినవాళ్ల మీద ‘సిటీ ఆఫ్ చికాగో’ అయితే సొంత తమ్ముడిదే. ఆ తమ్ముడు అన్న నీడలో ఉండలేక 1987లో అమెరికా వెళ్లి, పేరే మార్చుకుని లూకా బ్లూమ్ అయ్యాడు. అన్నదమ్ముల గొడవల్లో ఇంత మర్యాదైనది నేను చూడలేదు. ఇక ఆయన వెబ్‌సైట్‌లో, నువ్వే చూపించావు, పాట కింద అది ఎవరి దగ్గర విన్నాడో, ఎవరు రాశారో, చిన్న చిన్న కబుర్లు. నాకు పాటల కంటే ఆ కబుర్లే ఎక్కువ నచ్చాయి. స్పెయిన్ అంతర్యుద్ధానికి వెళ్లిన ఐరిష్ వాళ్ల మీద ఈయన స్వయంగా రాసిన పాట ఉంది. అక్కడ పోరాడొచ్చిన మైఖేల్ ఓరియర్డన్ పుస్తకం చదివి రాశాడు. పాటలో సగం చచ్చిపోయినవాళ్ల పేర్లే. హాజరు పట్టీ పిలిచినట్టు పిలుస్తాడు. తమాషా ఏమిటంటే, పాటకి ఐదో బ్రిగేడు అని అర్థం వచ్చే పేరు పెట్టాడు, వాళ్లు పోరాడింది పదిహేనో బ్రిగేడులో! మనుషుల పేర్లు సరిగ్గా చెప్పి, నంబరు దగ్గర తప్పాడు. నేనైతే నంబరు సరిగ్గా వేసి మనిషిని మర్చిపోతాను. ఆ మాట ఎందుకన్నానో చివర్లో తెలుస్తుంది.

1978 నుంచి కార్న్‌సోర్ దగ్గర అణువిద్యుత్ కేంద్రం వద్దని జరిగిన సభల్లో పాడాడని చదివినప్పుడు మన కొవ్వాడ గుర్తొచ్చింది. వాళ్లకి అది రాకుండా పోయింది. మన వాళ్లు భూములిచ్చి ఎదురుచూస్తున్నారు.

స్టార్‌డస్ట్ సంగతి నువ్వు నాకు చెప్పలేదు, పుస్తకంలో చూసి నేనే అడిగాను. 1981 ఫిబ్రవరి 14, తెల్లవారుజాము. డబ్లిన్లో ఆర్టేన్ అనే చోట నైట్‌క్లబ్బు. ప్రేమికుల రోజని డాన్సుకి వెళ్లిన పిల్లలు. మంటలు లేచాయి. బయటికి పోయే తలుపులకి తాళాలు, గొలుసులు. నలభై ఎనిమిది మంది పోయారు. ఎక్కువమంది నీకంటే చిన్నవాళ్లు, పనివాళ్ల ఇళ్ల పిల్లలు. ఐదుగురిని ఎవరు ఎవరో గుర్తుపట్టలేక అలాగే పాతిపెట్టారు. డీఎన్‌ఏ పరీక్షలు చేసి ఎవరి బిడ్డ ఎవరో తేల్చింది 2007లో. అంటే ఇరవై ఆరేళ్లు ఒక తల్లి ఏ సమాధి ముందు ఏడవాలో తెలియకుండా ఉంది.

ఆ పిల్లల మీద క్రిస్టీ పాట రాశాడు, ‘దే నెవర్ కేమ్ హోమ్’. 1985లో ‘ఆర్డినరీ మాన్’ ఆల్బమ్‌లో పెట్టాడు. కేసులు ఇంకా తేలలేదు, ఈ పాట కోర్టు ధిక్కారం అని హైకోర్టు తీర్పు చెప్పింది. రికార్డులు దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. ఆ పాట తీసేసి, దాని చోట ‘ఇంకో పాట పుట్టింది’ అనే అర్థం వచ్చే పేరుతో వేరే పాట పెట్టి మళ్లీ విడుదల చేశారు. మనిషి ఒళ్లు తెలిసిన కొంటెతనం అది. ఆ కుటుంబాలు మాత్రం నలభై మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాయి. చివరికి 2023లో కొత్త విచారణ మొదలైతే, మొదటి పనిగా ఏం చేశారో తెలుసా? పోయిన నలభై ఎనిమిది మంది గురించీ ఒక్కొక్కరి ఇంటివాళ్లు లేచి, మా పిల్ల ఇలా ఉండేది, మా వాడికి ఇది ఇష్టం అని చెప్పారు. ఆ తర్వాతే సాక్షులు, నిప్పు, తలుపులు, అన్నీ. 2024 ఏప్రిల్ 18న, అందరూ చట్టవిరుద్ధంగా చంపబడ్డారని జ్యూరీ చెప్పింది. అంతకు ముందు ఎవరో నిప్పు పెట్టి ఉంటారని పాత విచారణ తేల్చేసింది. చివరికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

తాగుడు గురించి నేను ఎక్కువ రాయను. ఆయనే దాచకుండా రాసుకున్నాడు. 1987లో గుండెపోటు వచ్చింది, ఆ దశాబ్దం చివరికి సీసా వదిలేశాడు. నీ స్నేహితులు శుక్రవారాలు పబ్బులో పాటల సెషన్లకి పిలుస్తారన్నావు. నేనేమీ అనటం లేదు.

వికర్ స్ట్రీట్ హాల్లో క్రిస్టీ కచేరీకి నువ్వు టికెట్లు సంపాదించిన సాయంత్రం గుర్తుందా. హ్యూస్టన్ స్టేషన్లో దిగి ఆ చలిలో నడిపించావు. నేను రెండు స్వెటర్లు, మీ అమ్మ అల్లిన మఫ్లరు, కోతి టోపీ. హాలంతా నన్నే చూస్తోందని నువ్వు టోపీ తీయించావు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి వచ్చి కూర్చున్నాడు. ఒక గిటారు, పక్కన బౌరాన్. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రెండో పాటకే చెమట. మన రామభజనల్లో పెద్ద గుంపుదారు ఉండేవాడే, గొంతు లేవకముందే ముఖం మారిపోయేది, అచ్చం అలాగే. బీరు గ్లాసు బల్ల మీద పెడితే చప్పుడవుతుందని మన ముందు వరస అతను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు చూశావా? నాకు మాటలు సగమే తెలిశాయి. ఆపిన చోట్లు అన్నీ తెలిశాయి. ఆఖరి రైలు తప్పిపోతుందని నువ్వు చెయ్యి లాగుతున్నా నేను లేవలేదు.

అదే ఆగుడు మొన్న నీ పాటలో వినిపించింది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఆ పాట నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నానంటావు. నిజమే, నిన్ను ఊయల్లో వేసి నాన్నమ్మే పాడేది. కానీ నాన్నమ్మ ఒక్కనాడూ మడిలో దిగలేదమ్మా. కూలీలకి చోడి అంబలి పోయించడానికి గట్టు దాకా వెళ్లేది, గొడుగు వేసుకుని. అక్కడ నిలబడి విన్నది. పాడింది అప్ప. ఊరందరికీ అప్పే. నీకు లీలగా గుర్తుండాలి. సన్నగా, వంగిపోయి, నోట్లో అడ్డపొగ చుట్ట. వరసకి ఆ చివర నిలబడి పాట ఎత్తుకుంటే మిగతా ఇరవై మందీ అందుకునేవాళ్లు. పాట వేగాన్ని బట్టి పని వేగం. ఎండ ముదిరితే పాట నెమ్మదిగా దించేది, కామందు ఎంత అరిచినా సరే. ఆ కామందు మీ తాతే. ఆవిడ పేట నుంచి వచ్చేది. మన ఇంటి వసారా ఎప్పుడూ ఎక్కలేదు. పాట మాత్రం ఊయల దాకా వచ్చింది.

నీకు ఈ మెమో రాద్దామని కూర్చుని, అప్ప పేరు పెట్టు అని రాయబోయాను. పేరు గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. మీ అమ్మకి తెలియదు, మీ చిన్నాన్నకి తెలియదు. నిన్ను దులిపేద్దామనుకున్నవాణ్ణి కాగితం అలాగే మడిచి పెట్టాను.

నేను మన ఊరి బ్రాంచిలో ఉన్న ఆరేళ్లూ ఆవిడ నా కౌంటరుకే వచ్చేది. ఉపాధి హామీ కూలి పడినప్పుడు, పింఛను పడినప్పుడు. ఫారం నేనే నింపేవాణ్ణి. పేరు, ఖాతా నంబరు, అక్షరాల్లో రూపాయలు. ఎడమ బొటనవేలు పట్టుకుని సిరా పలక మీద ఒత్తితే గీతలు పడేవి కావు. ఉత్త నల్ల మరక. ఆ వేలి చర్మం అరిగి నున్నగా, అంచుల్లో పగుళ్లు, పగుళ్లలో ఎప్పటిదో మన్ను. ఇంకోసారి వెయ్యమ్మా, ఆఫీసరుగారు పాస్ చెయ్యరు అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది. ‘గీతలన్నీ మీ మళ్లోనే ఉండిపోనాయి బాబూ’ అనేది. ఆ మాట గుర్తుంది, వేలు గుర్తుంది, నమ్ముతావో లేదో ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు కూడా గుర్తున్నాయి. పేరు లేదు.

అందుకని మొన్న ఉభాలు చూడటానికని చెప్పి పేటకి వెళ్లాను. అప్ప పోయి నాలుగేళ్లయిందట. నాకు తెలియదు. కూతురు ఉంది, యాభై దాటి ఉంటాయి. ఎందుకు బాబూ అంది భయంగా. బ్యాంకువాడు ఇంటికి వస్తే అప్పు అనే అనుకుంటారు. ఫోన్ తీసి నీ పాట పెట్టాను. చీపురు పట్టుకుని నిలబడే విన్నది. అయిపోయాక, పిల్ల బాగానే పాడింది గానీ ఇంకో చరణం ఒగ్గీసింది అంది. మీరు పాడతారా అంటే సిగ్గుపడింది, తర్వాత చీపురు గోడకి ఆనించి పాడింది. వీధిలో పిల్లలు, కోళ్లు, మోటారుబండి చప్పుడు అన్నీ పడ్డాయి, అయినా ఫోన్లో రికార్డు చేశాను. వాట్సాప్‌లో పంపుతున్నాను. నీ దగ్గరున్న మూడు చరణాల తర్వాత ఇది వస్తుందట. ఇది పొద్దు వాలినాక, కూలి లెక్క చూసుకునేటప్పుడు పాడేది. నాన్నమ్మ ఇది ఎందుకు పాడలేదో వింటే నీకే తెలుస్తుంది. అందులో కామందు ఉన్నాడు.

మనవడు లోపలికి వెళ్లి ఒక పాలిథిన్ కవరు తెచ్చాడు. అందులో రేషన్ కార్డు, చావు సర్టిఫికెట్టు, పాత పాస్‌బుక్కు. పాస్‌బుక్కు మొదటి పేజీ మీద పేరు ఉంది. రాసింది నా చేతిరాతే.

అదే పేరు విడిగా చిన్న కాగితం మీద తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాసి ఈ కవరులో పెట్టాను. ఇంటిపేరుతో సహా. స్పెల్లింగు రెండుసార్లు సరిచూశాను. అప్ప కూతుర్ని అడిగే పంపుతున్నాను, పెట్టమనండి అంది. ఖాతా నంబరు రాయలేదు. నాలుగో చరణం పాడి మళ్లీ పెడతావో, ఉన్నదాని కిందే మారుస్తావో నీ ఇష్టం. మారిస్తే నాకు చెప్పు. ఆ కూతురికి ఫోన్ లేదు, మనవడి ఫోన్లో చూపించాలి, నేనే వెళ్తాను.

మీ అమ్మ జంతికలు, చోడిపిండి పార్సిలు కట్టింది. కొరియర్‌వాడు తూకం దగ్గర పేచీ పెట్టకపోతే పదిహేను రోజుల్లో అందుతాయి.

మీ నాన్న